అక్షరానికి అడుగులు నేర్పుదాం

పాటతో పాటు తెర మీద మాటలు కదలడం ఇప్పుడు అందరికీ అలవాటైన వేడుక. ఆ మాటలు తెలుగు లిపిలో, తెలుగు లయలో కదులుతున్నాయా అన్నదే ప్రశ్న. గురజాడ పుట్టిన జిల్లా, సిరివెన్నెల చదువుకున్న ఊరు ఉన్న ఈ ప్రాంతం ఆ ప్రశ్నకి జవాబు చెప్పగలదు.

పరవాడ చుట్టుపక్కల ఏ ఊళ్లో పెళ్లి కుదిరినా అచ్చు శుభలేఖ కంటే ముందు వాట్సాప్‌లో వీడియో వచ్చేస్తోంది. సన్నాయి అందుకోగానే వధూవరుల పేర్లు మెల్లగా తేలివస్తాయి. డోలు దెబ్బకి ముహూర్తం తేదీ వచ్చి నిలబడుతుంది. తాళం వేగం పుంజుకునేసరికి అక్షింతలు రాలుతూ కల్యాణ మండపం పేరు కనిపిస్తుంది. కొత్త అమావాస్యకి అనకాపల్లి నూకాలమ్మ జాతర, వినాయక చవితి పందిళ్లు, అభిమాన హీరో పుట్టినరోజు, ఆఖరికి ఇంటి పెద్ద సంవత్సరీకం దాకా దేనికైనా ఓ పాట, దాంతో కదిలే అక్షరాలు ఉండాల్సిందే. లిరికల్ వీడియో, స్టేటస్ వీడియో, బీట్ సింక్ అని పేర్లు వేరైనా పని ఒకటే. సంగీతానికి తగ్గట్టు తెర మీద మాటల్ని నడిపించడం.

ఒకప్పుడు ఈ పని చేయాలంటే హైదరాబాద్‌లోనో చెన్నైలోనో స్టూడియో మెట్లెక్కాలి. ఇప్పుడు జేబులో ఫోనుంటే చాలు. రెండు వేల మెగావాట్ల సింహాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం, జవహర్‌లాల్ నెహ్రూ ఫార్మాసిటీ ఉన్న పరవాడ మండలం షిఫ్టుల లెక్కన బతికే ప్రాంతం. మరోపక్క ముత్యాలమ్మపాలెం లాంటి తీరగ్రామాలు వేటనే నమ్ముకున్నాయి. ఇలాంటిచోట డిగ్రీ చదివే పిల్లలకీ, షిఫ్టు దిగి వచ్చే కుర్రాళ్లకీ ఫోన్‌లో ఎడిటింగ్ సరదా తీర్చగలదు, చేతిఖర్చుకు ఆసరా కూడా కాగలదు.

అయితే ఇలాంటి వీడియోలు వరసగా కొన్ని చూడండి. చాలావాటిలో పాట తెలుగు, తెర మీద లిపి ఇంగ్లిష్. తెలుగు లిపి ఉన్నచోట ఒత్తులు చెదిరిపోతాయి, గుడి ఒకచోట, అక్షరం ఇంకోచోట పడతాయి. డప్పుకి ఊగే అక్షరం పాడుతున్న మాటకి మాత్రం అందదు. తప్పు కుర్రాళ్లది అనడానికి లేదు. వాళ్ల చేతిలోని పనిముట్లు ఇంగ్లిష్ అక్షరాన్ని దృష్టిలో పెట్టుకుని తయారయ్యాయి. తెలుగు పాటలో కాలాన్ని కొలిచేది మాత్ర. ఆ మాత్రని మోసేది ఒత్తూ గుణింతమూ కలిసిన నిండు అక్షరం. ఈ రెండూ తెలిసిన ఎడిటర్ చేతిలో అదే ఫోన్, అదే సాఫ్ట్‌వేర్ తెలుగు పాటని తెలుగు పాటలా చూపించగలవు.

ఈ నేల మీది పాట

ఈ సంగతి మాట్లాడే హక్కు అనకాపల్లి జిల్లాకి బాగా ఉంది. గురజాడ అప్పారావు 1862లో యలమంచిలి దగ్గరి రాయవరంలో, మేనమామ ఇంట పుట్టారు. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అనకాపల్లి జిల్లాలోనే ఇప్పుడా ఊరుంది. 1910లో ఆయన ముత్యాల సరాలతో మాత్రాఛందస్సుని కొత్త దారి పట్టించారు. మూడు మాత్రల వెంట నాలుగు మాత్రలు నడిచే మిశ్రగతి అది. యతిప్రాసలూ గణాలూ కంఠస్థం చేయనివాళ్లు కూడా చెవితో పట్టుకోగల నడక.

సిరివెన్నెల సీతారామశాస్త్రి పదో తరగతి దాకా చదువుకున్నది అనకాపల్లిలోనే. 1986లో వచ్చిన 'సిరివెన్నెల' సినిమా పేరే ఆయనకి ఇంటిపేరైంది. 2019లో పద్మశ్రీ అందుకున్నారు. అదే ఏడాది సెప్టెంబరులో, 'అల వైకుంఠపురములో' సినిమా కోసం ఆయన రాసిన 'సామజవరగమన' లిరికల్ వీడియోగా యూట్యూబ్‌లోకి వచ్చింది. తమన్ సంగీతం, సిద్ శ్రీరామ్ గాత్రం. సినిమా విడుదలైంది 2020 జనవరి 12న. అంటే మూడున్నర నెలల ముందే పాట ఇంటింటికీ చేరిపోయింది. వీక్షణలు పది కోట్లు దాటాయి. తెలుగు సినిమా పాట జనానికి తొలిసారి కనిపించేది లిరికల్ వీడియోలోనే అన్నంతగా ఇప్పుడా పద్ధతి స్థిరపడింది.

ఇది గీత రచయితకి దక్కిన గొప్ప గౌరవం. హీరో స్టెప్పులు వేయకముందే, సెట్టింగులు కనిపించకముందే శ్రోత పాటలోని మాటల్ని చూస్తున్నాడు. అలాంటి చోట ఆ మాటలు ఇంగ్లిష్ లిపిలో కనిపిస్తే ఏమవుతుందో ఆలోచించండి. కల, కళ, కాల, కాళ అన్నీ ఒకే స్పెల్లింగులో ఇమిడిపోతాయి. ళ, ణ మాయమవుతాయి. దీర్ఘం ఉందో లేదో పాట వినేదాకా తెలియదు. మాత్రకి ప్రాణమే హ్రస్వ దీర్ఘాల తేడా. ఆ తేడా చూపించలేని లిపితో తెలుగు లయని తెర మీద ఎలా చూపిస్తాం?

బంతి ఎగిరిన కాలం

పాటకి తగ్గట్టు మాటల్ని చూపించాలన్న ఆలోచనకి వందేళ్లు నిండాయి. అమెరికాలో మాక్స్ ఫ్లెయిషర్ 1924లో మొదలుపెట్టిన పాటల కార్టూన్ చిత్రాల్లో తెర మీద పాట చరణాలు రాసి ఉండేవి. వాటి మీద ఓ బంతి ఎగురుతూ ఏ పలుకు ఎప్పుడు పాడాలో చూపించేది. హాల్లో కూర్చున్నవాళ్లంతా గొంతు కలిపేవాళ్లు. 1959లో హిచ్‌కాక్ తీసిన 'నార్త్ బై నార్త్‌వెస్ట్' సినిమాకి సాల్ బాస్ చేసిన టైటిళ్లలో పేర్లు బెర్నార్డ్ హెర్మన్ సంగీతం మీద జారుతూ వచ్చి ఆగుతాయి. కదిలే అక్షరాల కళకి ఆ టైటిళ్లని తొలి మైలురాయిగా చెబుతారు. 1971లో జపాన్‌లోని కోబెలో దైసుకె ఇనోవె కరోకె యంత్రం తయారుచేసినప్పుడు పాట మాటలు పుస్తకంలో ఉండేవి. తర్వాతి కాలంలో అవి తెర మీదికి వచ్చి, పాడుతున్నకొద్దీ రంగు మారడం మొదలైంది.

ఈరోజు ఈ పనికి ప్రపంచమంతటా వాడుతున్న ఆఫ్టర్ ఎఫెక్ట్స్ 1993లో రోడ్ ఐలాండ్‌లోని ఓ చిన్న సంస్థలో పుట్టింది. ఆ సంస్థని కొన్న ఆల్డస్ కంపెనీ చేతుల్లోంచి 1994లో అడోబీకి చేరింది. ఇప్పుడు కైన్‌మాస్టర్, అలైట్ మోషన్ లాంటి యాప్‌లు అదే విద్యని ఫోన్‌లోకి తెచ్చాయి.

తెలుగువాళ్లకి కదిలే అక్షరం కంటే ముందే అందమైన అక్షరం తెలుసు. బాపు రాతలో ఒక్క పేరు చూస్తే చాలు, సినిమా స్వభావం అర్థమయ్యేది. ఆ అక్షరానికి ఇప్పుడు నడక తోడవ్వాలి.

ఇక్కడ ఫ్లెయిషర్ బంతి మనకో మంచి పాఠం చెబుతుంది. అది ఇంగ్లిష్ అక్షరం అక్షరానికీ ఎగరలేదు, పలుకు పలుకుకీ ఎగిరింది. గొంతు పాడేది పలుకునే. ఇంగ్లిష్ రాతలో పలుకు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చూడగానే తెలియదు, బంతి వచ్చి చూపించాలి. తెలుగు లిపిలో పలుకే అక్షరంగా కూర్చుని ఉంటుంది. బంతి ఎక్కడ పడాలో లిపే చెప్పేస్తుంది. ఇంత అనువైన లిపి చేతిలో ఉండి, దాన్ని పక్కన పెట్టేస్తున్నాం.

మాత్రకి ఆరు ఫ్రేములు

ఉత్తరాంధ్రలో తప్పెటగుళ్లు తెలియనివాళ్లు ఉండరు. గుండెల మీద కట్టుకున్న తప్పెటని రెండు చేతులా వాయిస్తూ అడుగు వేసే ఆట అది. దాని పేరు మీద ఉదాహరణ కోసం ఓ పంక్తి అల్లుకుందాం:

తప్పెట మోగే జాతర వచ్చే

ఛందస్సు లెక్క చిన్నప్పుడు బళ్లో నేర్చుకున్నదే. హ్రస్వాక్షరం ఒక మాత్ర, అది లఘువు. దీర్ఘం, సున్నా ఉన్న అక్షరం, ఒత్తు అక్షరానికి ముందున్న అక్షరం రెండేసి మాత్రలు, అవి గురువులు. 'తప్పెట'లో 'త' పక్కన ఒత్తు ఉంది కాబట్టి రెండు మాత్రలు, 'ప్పె' ఒకటి, 'ట' ఒకటి, మొత్తం నాలుగు. 'మోగే' రెండూ రెండూ నాలుగు. 'జాతర' రెండు, ఒకటి, ఒకటి. 'వచ్చే' రెండూ రెండూ. పంక్తి మొత్తం పదహారు మాత్రలు, నాలుగు నాలుగుల చతురశ్ర నడక.

ఇప్పుడు దీన్ని ఎడిటర్ లెక్కలోకి మారుద్దాం. పాట వేగం నిమిషానికి 120 బీట్లు, వీడియో సెకనుకి 24 ఫ్రేములు అనుకోండి. బీటుకి 12 ఫ్రేములు వస్తాయి. బీటుకి రెండు మాత్రలైతే మాత్రకి 6 ఫ్రేములు. లఘువు 6 ఫ్రేములు నిలవాలి, గురువు 12 నిలవాలి. ఒక్కో మాటకి 24 ఫ్రేములు, అంటే సరిగ్గా సెకను. పంక్తి నాలుగు సెకన్లు.

మామూలు టెంప్లేట్ ఈ లెక్క చూడదు. మాటకి ఉన్న కాలాన్ని అక్షరాల మధ్య సమానంగా పంచేస్తుంది. 'తప్పెట'లో మూడక్షరాలు కాబట్టి 8 ఫ్రేములకోసారి ఒక్కొక్కటి వస్తుంది. 'ప్పె' 8వ ఫ్రేముకే తెర మీదికి వచ్చేస్తుంది. గాయకుడు దాన్ని పలికేది 12వ ఫ్రేము దగ్గర. నాలుగు ఫ్రేముల తేడా కాగితం మీద చిన్నదే, కంటికి మాత్రం తెలిసిపోతుంది. 'తప్పెట' అనేటప్పుడు 'త' తర్వాత పెదవులు మూసుకుని ఓ క్షణం ఆగుతాయి, ఆ తర్వాతే 'పె' విచ్చుకుంటుంది. ఆ ఆగడమే ద్విత్వం అందం. గొంతు ఆగినప్పుడు తెర కూడా ఆగాలి. 'త' నిలబడి ఉండాలి, 12వ ఫ్రేముకి 'ప్పె' దెబ్బలా పడాలి, 18కి 'ట' చేరాలి. ఇలా చేసిన మాట మోగుతున్నట్టే కనిపిస్తుంది.

ఛందస్సు ఇచ్చేది మొదటి చిత్తు మాత్రమేనన్నది గుర్తుంచుకోవాలి. సంగీత దర్శకుడు లఘువుని సాగదీస్తాడు, గాయకుడు గురువుని గమకంలో తిప్పుతాడు. అలాంటిచోట చెవి చెప్పిందే ఖాయం. పాడి వదిలేసిన చోట అక్షరం సాగాలి, తుంచినచోట తెగాలి. అయినా మాత్రల లెక్క కట్టుకుని కూర్చున్న ఎడిటర్‌కి ముప్పాతిక పని ముందే అయిపోతుంది.

ఇంకో జాగ్రత్త. అన్ని పాటలూ ఫ్రేముల్లో నిండు అంకెలు ఇవ్వవు. నిమిషానికి 100 బీట్ల పాటకి 24 ఫ్రేముల వీడియోలో బీటుకి 14.4 ఫ్రేములు వస్తాయి. దాన్ని 14 అనుకుని కీఫ్రేముల్ని, అంటే కదలిక ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో చెప్పే గుర్తుల్ని, కాపీ చేసి అతికిస్తూ పోతే 50 బీట్లయ్యేసరికి అక్షరాలు పాట కంటే 20 ఫ్రేములు ముందుకి పరిగెడతాయి. అందుకే ప్రతి బీటు దగ్గరా మార్కర్ పెట్టుకుని, కీఫ్రేముని ఆ మార్కర్ మీదే కూర్చోబెట్టాలి.

తకిట తకధిమి

బీట్లని తనంతట తానే గుర్తించే సదుపాయం చాలా యాప్‌లలో ఉంది. నాలుగు దెబ్బల పాటకి అది బాగానే పనిచేస్తుంది. మన పాటలన్నీ నాలుగు మీద నడవవు. 2023లో ఆస్కార్ గెలిచిన 'నాటు నాటు' ఆరు మాత్రల త్రిశ్ర నడక. కీరవాణి దానికి ఆ తాళం ఎంచుకోవడమే ఆ పాటకి పల్లె ఊపు తెచ్చింది. ముత్యాల సరం నడక ఏడు. ఖండగతి అయితే ఐదు. ఏడు మాత్రల పాట మీద నాలుగేసి గళ్లు గీసే యంత్రం రెండో గడికే తప్పిపోతుంది.

దీనికి ఖరీదైన మందు అక్కర్లేదు. పాట వింటూ నోటితో తాళం చెప్పుకోవాలి. మిశ్రగతికి 'తకిట తకధిమి', ఖండానికి 'తక తకిట', త్రిశ్రానికి 'తకిట తకిట'. ప్రతి 'త' దగ్గరా మార్కర్ నొక్కాలి. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో పాట నడుస్తుండగా నంబర్ ప్యాడ్ మీది నక్షత్రం గుర్తు నొక్కితే మార్కర్ పడుతుంది. తప్పెట వాయించే చేతులకీ, డప్పు కొట్టే చేతులకీ ఈ పని ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. ఈ ప్రాంతపు కుర్రాళ్లకి ఇదే పెద్ద పెట్టుబడి.

ముక్కలైపోయే అక్షరం

'స్త్రీ' అని రాయండి. మన కంటికి అది ఒక్క అక్షరం. కంప్యూటర్‌కి అది ఆరు ముక్కలు: స, విరామ గుర్తు, త, మళ్లీ విరామ గుర్తు, ర, దీర్ఘపు గుడి. ఆ ఆరూ కలిసి ఒక రూపం దాల్చేలా చూసే బాధ్యత సాఫ్ట్‌వేర్‌లోని టెక్స్ట్ ఇంజిన్‌ది. వరసలో ఆఖరున ఉన్న గుడి తెర మీద మొదటి 'స' తల మీదికి ఎక్కాలి, త, ర ఒత్తులై కిందికి దిగాలి. ఈ కూర్పు తెలియని ఇంజిన్ దాన్ని 'స్ త్ రీ' అని విడదీసి పెడుతుంది.

తెలుగు లిపి 1991లోనే యూనికోడ్ మొదటి వెర్షన్‌లో చోటు సంపాదించింది. అయినా అక్షరాన్ని ఎక్కడ విడగొట్టవచ్చో చెప్పే యూనికోడ్ నియమాలు చాలాకాలం 'స్త్రీ'ని మూడు ముక్కలుగానే లెక్కపెట్టాయి. సంయుక్తాక్షరాన్ని విడదీయకూడదన్న నియమం తెలుగుకి వర్తించింది 2023 సెప్టెంబరులో వచ్చిన 15.1 వెర్షన్‌తోనే. ముప్పై ఏళ్లు పైన పట్టింది. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే తెలుగు అక్షరం సందేశంలో వస్తే ఐఫోన్లు స్తంభించిపోయిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆపిల్ సంస్థ ఆ నెలలోనే దాన్ని సరిదిద్దింది. ప్రపంచంలోకెల్లా పెద్ద కంపెనీకే మన అక్షరం కూర్పు పరీక్ష పెట్టింది.

ఎడిటింగ్‌లో ఈ చిక్కు రెట్టింపవుతుంది, ఎందుకంటే అక్కడ అక్షరాన్ని రాయడంతో సరిపోదు, కదిలించాలి కూడా. టైప్‌రైటర్ ఎఫెక్ట్ పెట్టి చూడండి. 'స్త్రీ' వచ్చేలోపు 'స', 'స్', 'స్త', 'స్త్', 'స్త్ర' అని తెర మీద రూపాలు మారుతూ మిణుకుమంటాయి. అక్షరాలు ఎగిరొచ్చే ఎఫెక్ట్ పెడితే ఒత్తు ఓ మూల నుంచి, గుడి ఇంకో మూల నుంచి రావచ్చు. డీటీపీ వాళ్లకి అలవాటైన పాత అను ఫాంట్లతో ఇది మరీ కష్టం. వాటిలో ఒత్తులూ గుణింతపు గుర్తులూ విడివిడి ముక్కలుగానే టైపవుతాయి కాబట్టి, అక్షరం చొప్పున కదిలించమంటే సాఫ్ట్‌వేర్ ప్రతి ముక్కనీ వేరే అక్షరమనుకుంటుంది.

దారులు మూడున్నాయి. మొదటిది, యూనికోడ్ ఫాంటే వాడటం. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన మండలి, రామభద్ర, సూరన్న, పెద్దన, ధూర్జటి, తిమ్మన, గిడుగు, గురజాడ లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. రెండోది, టెక్స్ట్ ఇంజిన్‌ని సరిచూసుకోవడం. ఆఫ్టర్ ఎఫెక్ట్స్, ప్రీమియర్ ప్రో పాత వెర్షన్లలో ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్లి దక్షిణాసియా లిపుల ఇంజిన్ ఎంచుకుంటేనే ఒత్తులు సరిగ్గా కూర్చుంటాయి. మూడోది, కదలికని అక్షరం చొప్పున కాకుండా మాట చొప్పున పెట్టడం. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో టెక్స్ట్ యానిమేటర్ కింద రేంజ్ సెలెక్టర్ ఉంటుంది, అందులో దేన్ని ఆధారంగా తీసుకోవాలో చెప్పేచోట 'క్యారెక్టర్స్' బదులు 'వర్డ్స్' ఎంచుకోవచ్చు. అక్షరం అక్షరానికీ కదలిక కావాల్సిన ముఖ్యమైన మాటకి మాత్రం ఒక్కో నిండు అక్షరాన్ని ఒక్కో లేయర్‌గా చేతితో పెట్టుకోవాలి. పని పెరుగుతుంది, ఫలితం అంతకంతా కనిపిస్తుంది.

శబ్దాన్ని అంకెలుగా మార్చితే

అక్షరాన్ని సంగీతమే నేరుగా కదిలించే దారి కూడా ఉంది. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో యానిమేషన్ మెనూ కింద కీఫ్రేమ్ అసిస్టెంట్‌లో 'కన్వర్ట్ ఆడియో టు కీఫ్రేమ్స్' అనే ఆదేశం ఉంటుంది. అది పాటని వింటూ ఫ్రేము ఫ్రేముకీ శబ్దం ఎంత బిగ్గరగా ఉందో అంకెగా రాసి, 'ఆడియో యాంప్లిట్యూడ్' అనే కొత్త లేయర్‌లో పెడుతుంది. ఆ అంకెని అక్షరం సైజుకో, వెలుగుకో, ఎత్తుకో ముడివేస్తే చాలు, శబ్దం పెరిగినప్పుడల్లా అక్షరం ఉబ్బుతుంది, తగ్గగానే సర్దుకుంటుంది.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు, వీడియో అక్కడే దెబ్బతింటుంది. ఆ అంకె కొలిచేది శబ్దం బిగ్గరతనాన్ని. అందులో డ్రమ్ము, వీణ, గొంతు అన్నీ కలిసి ఉంటాయి. మాటల మీద ఆ అంకె పెడితే అక్షరాలన్నీ డ్రమ్ముకి వణుకుతాయి, గాయకుడు నెమ్మదిగా పలికే మాట కూడా జ్వరమొచ్చినట్టు కంపిస్తుంది. అందుకని వాద్యాల ట్రాక్, గొంతు ట్రాక్ విడిగా దొరికితే వాద్యాల అంకెని వెనకున్న రంగులకీ, బొమ్మలకీ, అలంకారాలకీ ఇవ్వాలి. మాటల్ని గొంతుతోనే నడిపించాలి. ట్రాప్‌కోడ్ సౌండ్ కీస్ లాంటి ప్లగిన్లు పాటలోని ఏ స్థాయి శబ్దాన్ని వినాలో ఎంచుకోనిస్తాయి. మంద్రంలో మోగే డోలు దెబ్బని వేరుచేసి పట్టుకోవడానికి అవి పనికొస్తాయి.

కదలిక స్వభావం కూడా వాద్యాన్ని బట్టి ఉండాలి. డప్పు దెబ్బకి అక్షరం ఒక్కసారిగా వచ్చి, కొద్దిగా దాటి, వెనక్కి సర్దుకోవాలి. వేణువుకి మెల్లగా మొదలై మెల్లగా ఆగాలి. దీన్ని ఎడిటర్లు ఈజింగ్ అంటారు. కీఫ్రేముల మధ్య గీతని వంచుకోవడమే అది. ఏ పాటకైనా ఒకే ఈజింగ్ పెట్టే టెంప్లేట్లు, ఒకరి నుంచి ఒకరు దించుకుని పేర్లు మార్చుకునే ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లు మన వీడియోలన్నిటినీ ఒకే మూసలో పోస్తున్నాయి. నేర్చుకునేటప్పుడు టెంప్లేట్ విప్పి చూడటం మంచిదే. నేర్చుకున్నాక దాన్ని దాటి రావాలి.

ముందొస్తే ఫర్వాలేదు, వెనకబడకూడదు

అక్షరం పాట కంటే ఎంత ముందు రావచ్చు, ఎంత వెనకపడవచ్చు? టీవీ ప్రసారాల్లో బొమ్మకీ శబ్దానికీ మధ్య తేడాని జనం ఎప్పుడు పసిగడతారో పరీక్షించి, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ కొన్ని హద్దులు చెప్పింది. శబ్దం బొమ్మ కంటే 45 మిల్లీసెకన్లు ముందొచ్చినా తెలిసిపోతుంది. వెనకపడితే మాత్రం 125 మిల్లీసెకన్ల దాకా ఎవరూ పట్టుకోలేరు. ఉరుము కంటే మెరుపు ముందు కనిపించే లోకంలో పెరిగిన చెవులు మనవి. సెకనుకి 24 ఫ్రేముల వీడియోలో ఒక్క ఫ్రేము దాదాపు 42 మిల్లీసెకన్లు. అంటే అక్షరం రెండు ఫ్రేములు ముందొచ్చినా హాయిగానే ఉంటుంది, రెండు ఫ్రేములు వెనకపడితే కంటికి తగులుతుంది. ఇందాకటి టెంప్లేట్ చేసిన నాలుగు ఫ్రేముల తప్పు ఈ హద్దు దాటింది కాబట్టే ఎబ్బెట్టుగా ఉంది.

'క్ష', 'స్త్రీ', 'ప్రా' లాంటి అక్షరాల్లో హల్లులు ముందు పలికి, తాళం దెబ్బ అచ్చు మీద పడుతుంది. తెర మీద అక్షరం హల్లుతో పాటు కనిపించడం మొదలై, అచ్చు దగ్గరికి నిండుగా నిలవాలి. చిన్న విషయమే, కానీ మంచి లిరికల్ వీడియోని మామూలు వీడియో నుంచి వేరుచేసేవి ఇలాంటి చిన్న విషయాలే.

మరో మాట. చదవాల్సిన మాట పరిగెత్తకూడదు. అక్షరం కదిలి వచ్చాక కాసేపు కుదురుగా ఉండాలి. పంక్తిలో ఒక్క మాటకే పెద్ద కదలిక ఇచ్చి, మిగతావాటిని నెమ్మదిగా ఉంచితే ఆ ఒక్కటీ మనసులో నాటుకుంటుంది. మన ఒత్తులు కిందికి దిగుతాయి కాబట్టి పంక్తుల మధ్య ఇంగ్లిష్ కంటే ఎక్కువ జాగా వదలాలి. మాస్కులోంచి పైకి లేచే అక్షరాలకి కింద ఒత్తు తెగిపోకుండా చూసుకోవాలి.

పాటే పలక

ఇదంతా అందం కోసమే అనుకుంటే పొరపాటు. ఐఐఎం అహ్మదాబాద్‌కి చెందిన బ్రిజ్ కొఠారికి, పాట ఏ భాషలో ఉంటే అదే భాషలో, అదే లిపిలో తెర కింద మాటలు వేస్తే చదువు అంతంతమాత్రంగా వచ్చినవాళ్లకి చదవడం మెరుగవుతుందన్న ఆలోచన 1996లో వచ్చింది. 1999లో గుజరాతీ దూరదర్శన్ పాటల కార్యక్రమం 'చిత్రగీత్'లో దాన్ని అమలు చేశారు. తర్వాత 'చిత్రహార్', 'రంగోలి' కార్యక్రమాలకీ చేరింది. పాడుతున్న మాట రంగు మారుతూ పోయేది. పాట అప్పటికే నోటికి వచ్చు, కన్ను దానంతటదే మాటల వెంట పోతుంది. ఎవరూ పాఠం చెప్పకుండానే చదివే అలవాటు పెరుగుతుంది.

2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 67 శాతం. సంతకం చేయగలిగి, దినపత్రిక గడగడా చదవలేనివాళ్లు కూడా అందులో ఉంటారు. ఇంగ్లిష్ మీడియంలో చదువుతూ తెలుగు చదవడానికి తడబడే పిల్లలు ప్రతి వీధిలోనూ ఉన్నారు. వాళ్లందరూ రోజూ లిరికల్ వీడియోలు చూస్తున్నారు. అవి ఇంగ్లిష్ లిపిలో ఉన్నాయంటే, రోజూ అందివచ్చే తెలుగు పాఠాన్ని మనమే వెనక్కి పంపేస్తున్నాం. అవి తెలుగు లిపిలో, పలుకుకి సరిగ్గా కలిసి నడిస్తే ప్రతి ఫోనూ ఓ పలక అవుతుంది.

చేసి చూడండి

1. ఓ పాటలోని నాలుగు పంక్తులు ఎంచుకోండి. సినిమా పాట వాడితే హక్కుల చిక్కు ఉంటుంది. మీ ఊరి తప్పెటగుళ్ల పాటో, వేట పాటో, ఊడ్పుల పాటో పెద్దవాళ్ల అనుమతితో ఫోన్‌లో రికార్డు చేసుకోండి.

2. కాగితం మీద పంక్తులు రాసి గురులఘువులు గుర్తించండి. గట్టిగా పాడుతూ, సాగిన చోటూ ఆగిన చోటూ గీత గీయండి.

3. ఎడిటింగ్ యాప్‌లో పాట పెట్టి, శబ్ద తరంగం పెద్దదిగా కనిపించేలా సాగదీయండి. తాళం నోటితో చెప్పుకుంటూ మార్కర్లు పెట్టండి.

4. యూనికోడ్ తెలుగు ఫాంటు దించుకుని మాటకో లేయర్ పెట్టండి. ముందుగా 'స్త్రీ', 'జ్ఞానం', 'రాష్ట్రం' టైప్ చేసి ఒత్తులు సరిగ్గా వచ్చాయో లేదో చూడండి.

5. ప్రతి మాటా మార్కర్ దగ్గర, లేదా ఒకటి రెండు ఫ్రేములు ముందు మొదలవ్వాలి. పంక్తికి ఒక్క మాటకే ఎక్కువ కదలిక ఇవ్వండి.

6. శబ్దం ఆపేసి చూడండి. అక్షరాలు చూస్తుంటే తాళం తెలియాలి. తర్వాత ఊళ్లో ఓ పెద్దాయనకి చూపించి చదవగలిగారో లేదో అడగండి.

ఇక చేయాల్సినవాళ్లు

పాటల హక్కులున్న మ్యూజిక్ కంపెనీలకి ఒక విన్నపం. ప్రతి తెలుగు పాటకీ తెలుగు లిపిలో లిరికల్ వీడియో విడుదల చేయండి. ఇంగ్లిష్ లిపి కావాల్సినవాళ్లకి దాన్ని వేరుగా ఇవ్వొచ్చు, కానీ మొదటి స్థానం తెలుగు లిపిదే కావాలి. రచయిత పేరు పాట మొదట్లోనే, సరైన అక్షరాల్లో వేయండి. జూనియర్ కాలేజీలకీ, పాలిటెక్నిక్‌లకీ ఇంకో విన్నపం. ఛందస్సు పాఠాన్ని పరీక్షకే వదిలేయకుండా ఫోన్ ఎడిటింగ్‌తో కలిపి చెప్పండి. గణవిభజన అంటే పారిపోయే పిల్లవాడు తన వీడియోలో అక్షరం తాళానికి పడిందని చూసుకున్నాక ఛందస్సుని ఎప్పటికీ మరచిపోడు.

పరవాడ, అనకాపల్లి, యలమంచిలి కుర్రాళ్లకి చెప్పాల్సింది ఒకటుంది. 2020లో వాగ్గేయకారుడు వంగపండు ప్రసాదరావు కన్నుమూశాక ఉత్తరాంధ్ర పాట గురించి అందరూ మాట్లాడారు. మీ అమ్మమ్మలకీ తాతలకీ తెలిసిన పాటలు ఇంకా ఎన్నో రికార్డు కాకుండా, అచ్చులోకి రాకుండా ఉన్నాయి. వాటిని తెలుగు అక్షరాల్లో, వాటి తాళంలోనే తెర మీద నడిపించండి. ఆ పని చేయడానికి మీ చేతిలో ఫోన్ ఉంది, చెవిలో తాళం ఉంది. తెలుగు పాటకి తెర మీది అక్షరం కూడా తెలుగే కావాలి, అది తెలుగు మాత్రల లెక్కకే నడవాలి.